తీసివేత

పర్లాకిమిడి బస్టాండు ఎదురుగా, మేడ మీద గది.
మనుషుల్ని విదేశాలకు పంపే ఆఫీసు.
లోపలి గోడకి బోర్డు రాయమని పిలిచాడు సుధాంశు పాత్రో.
పైన ఒడియా, నడుమ తెలుగు, కింద ఇంగ్లీషు,
అడుగున చీమల బారులా లైసెన్సు నంబరు.

ఒడియా అక్షరానికి గుండ్రటి గొడుగు పట్టాలి,
మన తలకట్టుకి చిన్న గీటు చాలు.
ముప్పై ఏళ్లుగా ఆ రెంటి మధ్యే నా కుంచె.
సినిమా హాలుకి రాశాను, బియ్యం మిల్లుకి రాశాను,
పోయినవాళ్ల పేర్లు రాళ్ల మీద రాశాను.
చట్టాన్ని రాయడం ఇదే మొదలు.

“సేవా రుసుము రూ. 30,000 మించరాదు.
పన్ను అదనం. రసీదు అడిగి తీసుకోండి.”

సున్నాలే కష్టం.
చెయ్యి ఆగితే కోడిగుడ్డు, వణికితే వంకాయ.
నాలుగూ ఒక్క ఊపిరిలో తిప్పాను.
మూడు లిపుల్లోనూ మాట మార్చనిది
సున్నా ఒక్కటే.

పన్నెండు వందలకి బేరం.
ఎనిమిది వందలు చేతిలో పెట్టి
“మిగతాది తనిఖీ అయ్యాక” అన్నాడు పాత్రో.
నేనూ కాగితం అడగలేదు.

తనిఖీ వచ్చింది. టీ తాగింది. ఫోటో తీసుకుని వెళ్లిపోయింది.
మర్నాడే బోర్డు నెత్తిన మేకు దిగింది,
దానికి ఎరువుల కంపెనీ క్యాలెండరు వేలాడింది.
తెలుగులో ఒక్క మాట మిగిలింది బయటికి:
తీసుకోండి.

నా నాలుగు వందల కోసం తిరుగుతున్న రోజుల్లోనే
మెట్ల కింద కూర్చుని కనిపించింది కుంతలమ్మ.
కొమ్ముతో కొంగల్ని చెక్కే ఇల్లు వాళ్లది.
ముక్కు తీర్చేటప్పుడు పొడి ఎంత సన్నగా రాలాలో తెలిసిన చెయ్యి.
కొడుకు నీలాద్రి మస్కట్‌లో వెల్డింగు.

“లచ్చా పదేలు ఇచ్చినాం బాబూ.
ముందు ముప్పయ్యంట. మరి టిక్కెట్టంట. మరి డాక్టరంట.
మరింక పైవోళ్లకంట.
ఒక్క కాయితం ఇచ్చినాడు. ఏటి రాసుందో సూడు.”

చూశాను.
ముప్పై వేలు. పన్ను ఐదు వేల నాలుగు వందలు.
కాగితం నిజమే చెబుతోంది,
చెప్పినంత వరకు.

పాత్రో భోజనానికి పోయిన వేళ పైకి తీసుకెళ్లి
క్యాలెండరు ఎత్తి చదివి వినిపించాను.
మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను.
“అచ్చరాలు బాగున్నాయి. నువ్వేనా రాసినావు?”
అవునన్నాను, కాస్త గర్వంగానే.
“అయితే నీకు ముందే తెలుసన్నమాట.”

కింద కండక్టరు గుణుపూర్, గుణుపూర్ అని అరుస్తున్నాడు.
నా చేతిలో జూలై నెల అలాగే ఉండిపోయింది.

తిట్టలేదు ఆమె.
“సాయంత్రం మా ఈదికి రా. రంగు తెచ్చుకో” అంది.

వాళ్ల గోడ సందు మొగలోనే ఉంది.
పాస్‌పోర్టు ఫోటోలకి కుర్రాళ్లు ఆ దారినే పోతారు.
తెల్లసున్నం మీద నీలం. బళ్లో లెక్కలాగే వెయ్యమంది.
పైన, ఇచ్చింది: 1,10,000.
దాని కింద, చట్టం ఒప్పింది, పన్నుతో కలిపి: 35,400.
పక్కన చిన్న గీత. అడుగున పొడుగు గీత.

జవాబు దగ్గర ఆగాను.
“టిక్కెట్టూ డాక్టరూ నిజంగానే ఎంతయిందో మనకి తెలీదు కదమ్మా.”
“దానికీ కాయితం తెమ్మను. అప్పుడు సెరుపుదువు.”

74,600.
ఏడూ నాలుగూ ఆరూ బాగానే కుదిరాయి.
చివరి సున్నాలు రెండూ వంకాయలే అయ్యాయి.

తుంపర మొదలైంది. ఎనామిల్ ఇంకా తడిగా ఉంది.
కుంతలమ్మ లోపల్నుంచి గొడుగు తెచ్చి
తన మీద కాదు, జవాబు మీద పట్టింది.
రెండో చేత్తో రెండు వందలు చాపి,
నేను అందుకోబోతే వెనక్కి లాక్కుని
“కాయితం రాసియ్యి ముందు” అంది.